ఆ చెయ్యి ఎవరిది?

ఏడో రోజు మధ్యాహ్నం. నీళ్లు తాగుదామని స్టీలు గ్లాసు ఎత్తాను, సగంలో ఆగిపోయాను. గ్లాసు పట్టుకున్న చెయ్యి నాది కాదనిపించింది. మొద్దుబారలేదు, తిమ్మిరెక్కలేదు. గ్లాసు చల్లదనం వేళ్లకి తెలుస్తూనే ఉంది. బొటనవేలి గోరు పక్కన లేచిన చిన్న పొర కూడా కనిపిస్తోంది. అయినా ఆ చెయ్యి ఎవరిదో, నేను దాని వెనకెక్కడో నిలబడి చూస్తున్నాను.

అది పది రోజుల మౌన ధ్యాన శిబిరం. అంతకు ముందు సాయంత్రం జరిగింది వేరు. కూర్చుని గంట గడిచేసరికి ఒంటికి అంచులు లేకుండా పోయాయి. నా ఊపిరి ఎక్కడ ఆగి గదిలో గాలి ఎక్కడ మొదలవుతోందో తెలియలేదు. కళ్లల్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, ఏడుపు మాత్రం కాదు. అంత హాయి పుట్టి బుద్ధెరిగాక ఎరగను. ఆ హాయికీ ఈ పరాయి చేతికీ మధ్య ఒక్క రాత్రి తేడా.

వెళ్లి శిక్షకుడితో చెప్పాను. "లోపలి మలినం బయటికి వస్తోంది, మంచిదే. కొనసాగించండి" అన్నారు. కొనసాగించాను. ఇంటికొచ్చాక మూడు వారాలు నరకం. అద్దంలో మొహం తెలిసినవాళ్లెవరిదోలా ఉండేది. మాట్లాడుతుంటే నా గొంతు పక్కగదిలోంచి వస్తున్నట్టుండేది. నిద్ర పట్టేది కాదు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఐదు నిమిషాలు విని, యాంగ్జైటీ అని చెప్పి, టెన్షన్ పెట్టుకోవద్దని మాత్రలు రాశారు. ఆ మాత్రలు నిద్రకి పనికొచ్చాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఒకరేమో దాన్ని సాధన ఫలం అన్నారు, ఇంకొకరు జబ్బన్నారు. "అసలేం జరిగింది, మొదట్నుంచీ చెప్పండి" అని మాత్రం ఇద్దరూ అడగలేదు.

ఆ ఉక్రోషంతోనే చదవడం మొదలుపెట్టాను. ధ్యానం, హిప్నాసిస్, సైకెడెలిక్ మందులు (చూపునీ ఆలోచననీ తాత్కాలికంగా మార్చేసేవి), ఒంటరి గదులు, లేని గొంతులు వినపడటం: మనస్తత్వ శాస్త్రంలో వీటన్నిటినీ కలిపి 'మారిన చైతన్య స్థితులు' అంటారు. చదివిన కొద్దీ నాకు ఒక విషయం గట్టిపడుతూ వచ్చింది. ఈ స్థితి మనిషికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది ఆ స్థితి ఒక్కటే తేల్చదు. ముందు చెవిలో ఏం వేశారు, అప్పుడు పక్కన ఎవరున్నారు, తర్వాత ఎవరు కూర్చుని విన్నారు, ఇవే ఎక్కువగా తేలుస్తాయి. పరిశోధనలు ఈ మాట డెబ్భై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాయి. పేరూ పెట్టుబడీ మాత్రం మందు చుట్టూనే తిరుగుతున్నాయి.

ఆ సాయంత్రం హాయి గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది అక్కడే. నాకు ఆ గంటలో ఏదో 'తెలిసింది'. ఏం తెలిసిందని అడిగితే చెప్పలేను, కానీ అంత ఖాయంగా నాకు ఏదీ ఎన్నడూ తెలియలేదు. అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ ఈ లక్షణాన్ని 1902లోనే గుర్తించాడు. ఇలాంటి అనుభవాలు మాటలకి అందవు, ఎక్కువసేపు నిలవవు, మన చేతిలో ఉండవు, జ్ఞానం కలిగిందన్న గట్టి నమ్మకాన్ని మాత్రం మిగులుస్తాయి అన్నాడు. అంతకు ఇరవై ఏళ్ల ముందు ఆయన నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు పీల్చి చూశాడు. ఆ మత్తులో విశ్వరహస్యం విడిపోయినట్టు తోచింది, గబగబా కాగితాల మీద రాసుకున్నాడు. మత్తు దిగాక చదువుకుంటే అర్థం పర్థం లేని పదాల పేర్పు. దాన్ని దాచుకోకుండా 1882లో ఆయనే అచ్చు వేయించాడు. అందుకే నాకు జేమ్స్ అంటే గౌరవం. అలాగని ఆ అనుభవాన్ని చెత్తబుట్టలోనూ వేయలేదు. 'తెలిసిపోయింది' అన్న భావన వేరు, తెలియడం వేరు అని విడదీసి చూడగలిగాడు. ఈ విడదీత నేటికీ చాలా శిబిరాల్లో జరగడం లేదు. కొన్ని పరిశోధనశాలల్లోనూ జరగడం లేదని నా అనుమానం.

ఇక 'ముందు చెవిలో ఏం వేశారు' అన్న దానికొస్తాను. దీనికి ఇప్పటి రంగురంగుల మెదడు స్కాన్ల కన్నా రెండు పాత ప్రయోగాలు నాకు బాగా నచ్చుతాయి.

1950ల మొదట్లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ హెబ్ బృందం విద్యార్థులకి రోజుకి 20 డాలర్లిచ్చి ఒక చిన్న గదిలో పడుకోబెట్టింది. కళ్లకి వెలుతురు తప్ప ఆకారాలు కనిపించనివ్వని అద్దాలు, చేతులకి తొడుగులు, ముంజేతుల మీద అట్ట గొట్టాలు, చెవుల్లో ఎడతెగని యంత్రం హోరు. చెయ్యాల్సిన పనల్లా పడుకోవడమే. ఆ రోజుల్లో 20 డాలర్లంటే మంచి సొమ్ము. అయినా చాలామంది రెండు మూడు రోజులకి మించి ఉండలేకపోయారు. కొందరికి లేని బొమ్మలు కనిపించాయి. 1954లో ఈ ఫలితాలు అచ్చయ్యాక ఇంద్రియాలకి మేత ఆపేస్తే మెదడు తనే బొమ్మలు పుట్టిస్తుందన్న మాట బాగా ప్రచారంలోకి వచ్చింది.

పదేళ్లకి మార్టిన్ ఓర్న్, కార్ల్ షైబీ అనే ఇద్దరు ఒక కొంటె పని చేశారు. ఇరవై మందిని తీసుకుని సగం మందికి పెద్ద తతంగం నడిపించారు. తెల్లకోటు వేసుకున్న ప్రయోగకర్త, ఆరోగ్య చరిత్ర మీద ప్రశ్నలు, బాధ్యత మాది కాదంటూ సంతకం చెయ్యాల్సిన కాగితం, 'ఎమర్జెన్సీ' అని చీటీ అంటించిన మందుల పళ్లెం, తట్టుకోలేకపోతే నొక్కమని ఒక బటన్. మిగతా సగానికి ఇవేవీ లేవు, మీరు ఊరికే పోల్చి చూడటానికే అని చెప్పారు. తర్వాత అందరినీ ఒక్కొక్కరిగా ఒకే గదిలో నాలుగు గంటలు కూర్చోబెట్టారు. అది మామూలు గది. వెలుతురుంది, కుర్చీ ఉంది, బల్ల ఉంది. ఇంద్రియాలకి దేన్నీ ఆపలేదు.

బటన్ చూపించినవాళ్లకి అందులోనే తేడాలు మొదలయ్యాయి. ఆలోచన కుదరలేదు, చూపు చిత్రంగా మారింది, గాబరా పుట్టింది. రెండో గుంపులో ఆ లక్షణాలు చాలా తక్కువ. హెబ్ ప్రయోగం అబద్ధమని కాదు. అందులో గది చేసింది ఎంత, బటన్ చేసింది ఎంత అని 1964లో వీళ్లు అడిగిన ప్రశ్నకి ఈ రంగం ఇప్పటికీ తిన్నగా సమాధానం చెప్పుకోలేదు.

నా శిబిరంలో బటన్ లేదు. మొదటి రోజు రాత్రి ఉపన్యాసంలో మాత్రం "ఆరు, ఏడు రోజులకల్లా మీ శరీరం మీది కాదని మీకే తెలుస్తుంది" అన్నారు. ఆరో రోజు సాయంత్రం నాకది తెలిసింది. ఏడో రోజు ఆ తెలియడం ఆగలేదు. యాదృచ్ఛికం కావచ్చు. నాకైతే కాదనిపిస్తుంది.

అంటే అంతా ఊహేనా అని అడిగేవాళ్లున్నారు. ఈ ప్రశ్న నాకు ఒళ్లు మండిస్తుంది. 'ఈ చెయ్యి నాది' అన్న భావన పుట్టుకతో అతికించిన చీటీ కాదు, మెదడు నిమిషనిమిషానికీ చేస్తూ ఉండే పని. 1998లో బాట్వినిక్, కోహెన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ఒక రబ్బరు చేత్తో చూపించారు. మీ చెయ్యి తెర వెనక, రబ్బరు చెయ్యి కళ్ల ముందు. రెండిటినీ ఒకేసారి, ఒకే తీరుగా కుంచెతో నిమురుతారు. కాసేపటికి రబ్బరు చెయ్యే మీదనిపిస్తుంది. ఇది కుదరడానికి మందూ అక్కర్లేదు, దేవుడూ అక్కర్లేదు. 2002లో స్విట్జర్లాండ్‌లో ఒలాఫ్ బ్లాంకే బృందం మూర్ఛ ఉన్న ఒకామెకి చికిత్సలో భాగంగా మెదడు కుడివైపు ఒకచోట స్వల్పంగా విద్యుత్తు ఇచ్చి చూస్తుంటే, తను పైనుంచి తన కాళ్లనే చూస్తున్నానని ఆమె చెప్పింది. కరెంటు ఆపితే ఆ చూపూ ఆగింది. కాబట్టి అనుభవం నిజమే, దానికి ఒంట్లో చోటూ ఉంది. నేను అంటున్నది, అది ఎప్పుడు వస్తుంది, వచ్చాక ఏమవుతుంది అన్న వాటిలో మాటకి పెద్ద వాటా ఉందని.

ఇప్పుడు అందరి నోటా నానుతున్న సైకెడెలిక్ మందుల సంగతి. డిప్రెషన్‌కి కొత్త దారి అని ఏడాదికి ఎన్ని వార్తలో. నేను వీటికి వ్యతిరేకిని కాను. తగ్గని డిప్రెషన్‌తో ఏళ్ల తరబడి నలిగేవాళ్లకి ఏ తలుపు తెరుచుకున్నా మంచిదే. కానీ లెక్కలు చూడాలి కదా.

ఈ వరసలో బాగా పేరున్నది 1962లో బోస్టన్ విశ్వవిద్యాలయం ప్రార్థనా మందిరంలో, గుడ్ ఫ్రైడే నాడు వాల్టర్ పాన్కే చేసిన ప్రయోగం. ఇరవై మంది మతవిద్య విద్యార్థులు. పది మందికి సైలోసిబిన్, అంటే ఒక రకం పుట్టగొడుగుల్లో ఉండే పదార్థం. మిగతా పది మందికి ముఖం వేడెక్కించే నికోటినిక్ ఆమ్లం. ఎవరికి ఏది ఇచ్చారో ఎవరికీ తెలియకూడదని ఈ ఏర్పాటు. ఎంతసేపు దాగుతుంది? ఒకడు బెంచీ మీద కదలకుండా కూర్చుని కీర్తన వింటుంటే, ఇంకొకడు దేవుడు కనిపించాడని నేలమీద పడుకుని ఉన్నాడు. ఎవరు ఏది మింగారో గదిలో అందరికీ తెలిసిపోయింది. సైలోసిబిన్ తీసుకున్నవాళ్లలో ఎక్కువమందికి గాఢమైన ఆధ్యాత్మిక అనుభవం కలిగిందని నివేదిక వచ్చింది. అందులో లేని ముక్క ఒకటుంది. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత రిక్ డాబ్లిన్ ఆ విద్యార్థుల్లో పదహారు మందిని వెతికి పట్టుకుని మాట్లాడి, 1991లో దాన్ని బయటపెట్టాడు. ఒక విద్యార్థి అదుపు తప్పి మందిరం నుంచి బయటికి వెళ్లిపోతే, వెనక్కి తీసుకొచ్చి శాంతపరిచే ఇంజెక్షన్ ఇవ్వాల్సి వచ్చింది. పాన్కే ఆ సంగతి రాయలేదు. పైగా డాబ్లిన్ ఈ మందులకి గట్టి మద్దతుదారుడు. తన పక్షం వాళ్ల లోపాన్ని తనే వెలికితీశాడు, అది మెచ్చుకోవాలి.

ఆ ఇంజెక్షన్ తీసుకున్న కుర్రాడి గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. మలినం బయటికి వస్తోందని అతనికి ఎవరైనా చెప్పి ఉంటారా?

2006లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రోలాండ్ గ్రిఫిత్స్ బృందం 36 మందితో ఇలాంటి పనే చాలా పకడ్బందీగా చేసింది. రెండు నెలల తర్వాత అడిగితే, నూటికి 67 మంది దాన్ని తమ జీవితంలోకెల్లా అర్థవంతమైన అనుభవంగానో, మొదటి ఐదింటిలో ఒకటిగానో చెప్పారు. వార్తల్లో వచ్చింది ఈ అంకె. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. మూడోవంతుకి కాస్త తక్కువమంది అదే పూటలో తీవ్రమైన భయం చవిచూశారు. వాళ్లు తట్టుకున్నారంటే, ముందే వాళ్లతో గంటల కొద్దీ మాట్లాడి పరిచయమైన మనిషి పక్కనే కూర్చుని ఉండటం దానికి పెద్ద కారణం. దీన్ని పరిశోధకులే స్పష్టంగా రాశారు. ఆ వాక్యం మాత్రం వార్తల్లోకి ఎక్కలేదు.

2022లో మందులకి తగ్గని డిప్రెషన్ ఉన్న 233 మందితో జరిగిన ట్రయల్ మరో మెట్టు. ఒక గుంపుకి 25 మిల్లీగ్రాముల సైలోసిబిన్, ఇంకో గుంపుకి 10, మూడో గుంపుకి నామమాత్రంగా ఒక మిల్లీగ్రాము. మూడు వారాలకి ఎక్కువ మోతాదు గుంపులో నూటికి 37 మందికి బాగా నెమ్మదించింది, ఒక మిల్లీగ్రాము గుంపులో 18 మందికి. తేడా ఉంది, కాదనను. కానీ ఆ మేలు పన్నెండు వారాల దాకా నిలిచింది పెద్ద మోతాదు గుంపులో నూటికి 20 మందికే. ఇక 2024లో ఎండీఎంఏ అనే మరో మత్తు మందు, పీటీఎస్‌డీకి (పెద్ద ఆఘాతం తర్వాత వదలని మానసిక బాధకి) చికిత్సగా, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ముందుకొచ్చినప్పుడు, సలహా సంఘం దాని ప్రభావం రుజువు కాలేదని 9–2 ఓట్లతో తేల్చింది, ఆగస్టులో అనుమతి నిరాకరించారు. కారణాల్లో ఒకటి పాన్కే నాటిదే: ఎవరికి అసలు మందు ఇచ్చారో తీసుకున్నవాళ్లలో ఎక్కువమందికి తెలిసిపోయింది.

ఈ చిక్కుముడిని నేరుగా విప్పే ప్రయత్నం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జరిగింది. నా వాదనంతటికీ వెన్నెముక అదే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

కెటమిన్ పాత మత్తుమందు, అరవై ఏళ్ల కిందటిది. డిప్రెషన్‌ని గంటల్లో తగ్గిస్తుందని 2000 నుంచీ పరిశోధనలు వస్తున్నాయి. అది ఎక్కించినప్పుడు ఒంట్లోంచి తేలిపోయినట్టుంటుంది కాబట్టి, తీసుకున్నది కెటమినో ఉప్పునీరో మనిషికి వెంటనే తెలుస్తుంది. స్టాన్‌ఫర్డ్ వాళ్లకి ఒక ఆలోచన వచ్చింది. ఎలాగూ వేరే ఆపరేషన్ కోసం పూర్తి మత్తులోకి వెళ్లబోయే డిప్రెషన్ రోగులు నలభై మందిని ఎంచుకున్నారు. వాళ్లు మత్తులో ఉండగా సగం మందికి కెటమిన్, సగం మందికి సెలైన్ ఎక్కించారు. నిద్రలో ఉన్న మనిషికి తేలిపోవడం ఎక్కడ తెలుస్తుంది? లేచాక ఏది ఇచ్చారో ఊహించమంటే సరిగ్గా చెప్పినవాళ్లు సగం మంది కూడా లేరు. 2023లో ఫలితం వచ్చింది. రెండు గుంపుల్లోనూ డిప్రెషన్ గణనీయంగా తగ్గింది. కెటమిన్ గుంపుకీ సెలైన్ గుంపుకీ తేడా తేలలేదు. బాగా తేరుకున్నవాళ్లు మాత్రం, తమకి ఇచ్చింది కెటమినే అని అనుకున్నారు.

దీన్ని చదివి, చూశారా ఉప్పునీరే పనిచేసింది, అంతా ప్లాసిబో, అంటే మందు అందిందన్న నమ్మకంతో వచ్చిన మేలే అని నవ్వేవాళ్లున్నారు. అది తొందరపాటు. ఆపరేషన్ మత్తు కూడా కొంత చేసి ఉండవచ్చు, నలభై మంది పెద్ద సంఖ్య కాదు. నాకు పట్టినది వేరే. ఆ నలభై మందితో ఆపరేషన్‌కి ముందు పరిశోధకులు గంటల కొద్దీ మాట్లాడారు. ఎప్పట్నుంచి ఇలా ఉంది, ఏమేం వాడారు, ఎలా ఉంటోంది అని విన్నారు. ఆశ పెట్టుకోవడానికి వాళ్లకి ఒక కారణం దొరికింది. తర్వాతా వెంట ఉండి అడిగారు. ఏళ్ల తరబడి ఐదు నిమిషాల అపాయింట్‌మెంట్లకి అలవాటు పడ్డ మనిషికి అది మామూలు విషయం కాదు. దాన్ని 'ప్లాసిబో' అని ఒక్క ముక్కలో చుట్టేసి పక్కన పెడితే, దొరికిన నిధిని మట్టితోపాటు పారబోసినట్టే.

పక్కనున్న మనిషికి ఇంత శక్తి ఉందంటే చెడు చేసే శక్తీ అంతే ఉంటుంది. ఎండీఎంఏ ట్రయల్ ఒకదానిలో చికిత్స చేసేవాళ్లు రోగితో అనుచితంగా ప్రవర్తించిన ఉదంతం బయటికి వచ్చింది, అందుకు సంబంధించిన మూడు పరిశోధన పత్రాలను పత్రిక 2024లో వెనక్కి తీసుకుంది. మెదడు మెత్తబడి ప్రతి మాటా లోతుగా దిగే గంటల్లో పక్కన కూర్చునే మనిషిని ఎలా ఎంచాలి, ఎవరు కనిపెట్టుకుని ఉండాలి అన్నదాని మీద జరగాల్సినంత పని జరగలేదు. మందు ఏ అణువుకి అతుక్కుంటుందో లెక్క తీయడం తేలిక. మనిషిని కొలవడం కష్టం, పేటెంటూ రాదు.

తాన్యా లూర్మాన్ అనే మానవశాస్త్రవేత్త సహచరులతో కలిసి చేసిన పని ఒకటి 2015లో వచ్చింది. లేని గొంతులు వినపడే తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్లను కాలిఫోర్నియాలో, ఘనాలోని అక్రాలో, చెన్నైలో ఇరవై మంది చొప్పున కలిసి, ఆ గొంతులు ఏమంటాయని అడిగారు. కాలిఫోర్నియావాళ్లకి ఎక్కువగా హింస, తిట్లు, చంపు పొడువు అన్న ఆజ్ఞలు. తమకున్నది మెదడు జబ్బని వాళ్లు ఠక్కున చెప్పారు. అక్రాలో చాలామందికి దేవుడి గొంతు, అదీ మంచి మాటలే. చెన్నైలో సగానికి పైగా వినిపించింది సొంతవాళ్ల గొంతులు. పని చెయ్యమని కసురుతాయి, సలహా ఇస్తాయి. జబ్బు అదే, గొంతు మారింది. దీన్నిబట్టి తూర్పు గొప్ప, పడమర తక్కువ అని చంకలు గుద్దుకోనక్కర్లేదు, చెన్నైలోనూ బాధపడ్డవాళ్లున్నారు. వినపడేదాన్ని చుట్టూ ఉన్నవాళ్లు ఏమని పిలుస్తారన్నది ఆ గొంతు లోపలికే వెళ్లి కూర్చుంటుందన్నది మాత్రం కొట్టిపారేయలేం.

మళ్లీ నా సంగతికి వస్తాను. ధ్యానం వల్ల ఇబ్బందులు వస్తాయని చెబితే చాలామంది అదేదో అపవాదులా చూస్తారు. 2020లో మిగెల్ ఫారియాస్ బృందం 83 అధ్యయనాలను కలిపి చూస్తే, ధ్యానం చేసినవాళ్లలో నూటికి సుమారు 8 మందికి ఏదో ఒక ఇబ్బంది ఎదురైంది. ఎక్కువగా ఆందోళన, డిప్రెషన్. కౌన్సెలింగ్ లాంటి మానసిక చికిత్సల్లోనూ దాదాపు ఇదే లెక్క ఉంటుందని వాళ్లే రాశారు, కాబట్టి బెదిరిపోనక్కర్లేదు. కానీ మానసిక చికిత్సకి వెళ్తే, తేడా చేస్తే చెప్పుకోవడానికి ఒకరుంటారు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో జారెడ్ లిండాల్, విలోబీ బ్రిటన్ అరవై మంది సాధకులను కూర్చోబెట్టి విని 2017లో రాసిన దాంట్లో నా చెయ్యి ఉంది. నిద్ర పోవడం ఉంది, గొంతు పరాయిదవడం ఉంది, "కొనసాగించండి" అన్న సలహా కూడా ఉంది. చదువుతూ పగలబడి నవ్వాను. ఆ నవ్వు ఆ మూడు వారాల్లోనే వచ్చి ఉంటే ఎంత బాగుండేది.

ఇవన్నీ తెలుసుకోకముందే నన్ను గట్టెక్కించింది ఒక కౌన్సెలర్. నాలుగో వారంలో ఒక స్నేహితుడి పోరు పడలేక వెళ్లాను. ఆవిడ మొదట అడిగింది: "ఏ చెయ్యండీ? కుడిదా, ఎడమదా?"

కుడిది అన్నాను. ఎప్పుడు మొదలైంది, గ్లాసు బరువు తెలిసిందా, ఆ ముందు రోజు హాయిగా ఉందన్నారు కదా అది ఎలా ఉండేది, ఇప్పుడు తలుచుకుంటే వస్తుందా, వస్తే భయమేస్తుందా అని వరసగా అడుగుతూ పోయింది. మలినం అనలేదు, జబ్బనలేదు. దాదాపు గంట పట్టింది. చివర్లో, కొన్నాళ్లు కళ్లు మూసుకుని కూర్చోవద్దని, వేళకి పడుకోమని, ఒళ్లు అలిసే పని ఏదైనా చెయ్యమని, మాత్రలు ఆపాలనుకుంటే ముందు ఆ డాక్టరునే అడగమని చెప్పింది. ఇందులో గొప్ప రహస్యమేం లేదు. కానీ ఆ రోజు మెట్లు దిగుతూ రెయిలింగు పట్టుకుంటే అది ఇనుములా తగిలింది.

ఇప్పుడు రోజూ ఇరవై నిమిషాలు కూర్చుంటాను, కళ్లు తెరిచే. అప్పుడప్పుడు కుడిచెయ్యి మెల్లగా దూరం జరగబోతుంది. లేచి వెళ్లి సింకులో గ్లాసు కడుక్కుంటాను.